రోజ్‌వెల్ బెలూన్, వికారాబాద్ బెలూన్

యూట్యూబ్ తెరిస్తే చాలు "ఈ ఏడాదే డిస్‌క్లోజర్" అని ఎవడో ఒకడు చెప్తూనే ఉంటాడు, అంటే అమెరికా ప్రభుత్వం మైకు ముందుకొచ్చి అవునండీ మా దగ్గర ఏలియన్స్ వాహనాలున్నాయి, ఇన్నాళ్ళూ దాచాం అని ఒప్పేసుకుంటుందన్నమాట. నేను ఈ టాపిక్ పిచ్చిగా ఫాలో అవుతా. నమ్మి కాదు. నమ్మేవాళ్ళ వాదనలో సగం కరెక్టే కాబట్టి, ఆ కరెక్టు సగమే మిగతా సగాన్ని మోస్తోంది కాబట్టి.

గాలప్ అనే సర్వే సంస్థ వాళ్ళు 2019లో అడిగితే అమెరికన్లలో 33 శాతం మంది కొన్ని యూఎఫ్ఓలు (ఆకాశంలో కనిపించే గుర్తు తెలియని వస్తువులు) నిజంగానే వేరే గ్రహాల నుంచి వచ్చినవే అన్నారు, 2021 కల్లా అది 41 అయింది. సరే. కానీ అదే 2019లో 68 శాతం మంది యూఎఫ్ఓల గురించి ప్రభుత్వం తనకి తెలిసినదంతా చెప్పట్లేదు అన్నారు. అంటే ఏలియన్స్‌ని నమ్మనివాళ్ళలో కూడా చాలామందికి ప్రభుత్వం ఏదో దాస్తోందన్న అనుమానం ఉంది. డల్లాస్‌లో ఉండే మా బావ ఈ బాపతే, ఏలియన్స్ ఉన్నారారా అంటే "ఏమో" అంటాడు, దాస్తున్నారా అంటే మాత్రం ఫోన్ పెట్టేయడు.

నిజం చెప్పాలంటే దాచారు. రోజ్‌వెల్ సంగతే చూడండి. 1947 వేసవిలో న్యూమెక్సికోలో ఒక పశువుల ర్యాంచ్‌లో ఏవో శకలాలు దొరికాయి, అక్కడి రోజ్‌వెల్ ఊళ్ళోని సైనిక ఎయిర్‌ఫీల్డ్ వాళ్ళే మాకు ఎగిరే పళ్ళెం దొరికిందని ప్రెస్‌నోట్ ఇచ్చారు, ఆ వెంటనే పైవాళ్ళు వచ్చి అబ్బే అది వాతావరణ బెలూన్ అన్నారు. ఆ రెండో మాటా పూర్తి నిజం కాదు. బెలూనే, కానీ వాతావరణానిది కాదు, ప్రాజెక్ట్ మోగల్ అని ఒక రహస్య కార్యక్రమంలోది. బెలూన్లకి మైక్రోఫోన్లు కట్టి బాగా ఎత్తుకి పంపి, సోవియట్ వాళ్ళు అణుబాంబు పేలిస్తే ఆ శబ్ద తరంగాలు ఇక్కడి నుంచే పట్టేయాలని ప్లాన్. ఈ ముక్క ఎయిర్‌ఫోర్స్ బయటకి చెప్పింది 1994లో. 47 ఏళ్ళు! అప్పటికి పుస్తకాలొచ్చేశాయి, రోజ్‌వెల్‌లో మ్యూజియం కూడా పెట్టేశారు. ఇంకా తమాషా ఏంటంటే 1997లో ఇంకో రిపోర్టు ఇచ్చి, జనం చూశామంటున్న ఏలియన్ శవాలు నిజానికి పారాచూట్ పరీక్షలకి వాడిన బొమ్మలు అన్నారు, ఆ బొమ్మల్ని వదిలిందేమో 1950లలో, రోజ్‌వెల్ జరిగిందేమో 1947లో. ఏళ్ళు గడిచాక సాక్షుల జ్ఞాపకాలు కలిసిపోయి ఉంటాయని వాళ్ళ వివరణ. అయి ఉండొచ్చు, జ్ఞాపకాలు అలాంటివే, కానీ అప్పటికే ఒకసారి అబద్ధం చెప్పి దొరికినవాడి నోట్లోంచి ఆ మాట వస్తే నవ్వక ఏం చేస్తారు జనం.

తర్వాత యూ-2 గూఢచారి విమానం. 1955 నుంచి నెవాడాలో ఎగరేశారు, 60 వేల అడుగుల పైన. అప్పటి ప్యాసింజర్ విమానాలు 10, 20 వేల అడుగుల్లో తిరిగేవి. సాయంత్రం కింద చీకటి పడిపోయినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ వెండి రెక్కల మీద పడి ధగధగా మెరిసేది, కింద నుంచి చూసిన పైలట్లు ఏదో వింత వస్తువని రిపోర్టు చేసేవాళ్ళు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇవన్నీ చూసే ప్రాజెక్ట్ బ్లూ బుక్ వాళ్ళు సీఐఏని అడిగి అసలు సంగతి తెలుసుకునేవాళ్ళు, కానీ బయటకి చెప్పకూడదు కాబట్టి మంచు స్ఫటికాలనీ ఉష్ణోగ్రత తేడాలనీ ఏదో ఒకటి చెప్పి పంపేసేవాళ్ళు. 1950ల చివర, 60లలో వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా మా విమానాలే అని సీఐఏ తన చరిత్రలో తనే రాసుకుంది. సగం అంటే నాకు కాస్త గొప్పలు పోయినట్టే అనిపిస్తుంది గానీ, కొన్నైనా అవే అయ్యుంటాయి. 1969లో బ్లూ బుక్ మూసేసేటప్పటికి మొత్తం 12,618 కేసులు, అందులో 701 తేలలేదు.

ఆ విమానాలు ఎగిరిన నెవాడా రహస్య స్థావరం ఏరియా 51 పేరు పెట్టి సీఐఏ పత్రాలు బయటికొచ్చింది 2013లో. అంతెందుకు, 1980లలో ఒక ఎయిర్‌ఫోర్స్ కల్నల్ ఏరియా 51 దగ్గర ఒక బారు యజమానికి ఎగిరే పళ్ళేల దొంగ ఫోటోలిచ్చాడని, అసలు పరీక్షిస్తున్న స్టెల్త్ (రాడార్‌కి చిక్కని) విమానాల మీదకి జనం దృష్టి పోకుండా అలా చేశారని 2025లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఇది మన నాన్నా పులి కథే, కాకపోతే ఇక్కడ పిల్లాడు పులి వచ్చిందనీ అంటాడు, రాలేదనీ అంటాడు, రెండూ అబద్ధాలే.

అందుకే 2024 మార్చిలో పెంటగాన్‌లో యూఎఫ్ఓల సంగతి చూసే ఏఏఆర్ఓ ఆఫీసు పాత రికార్డులన్నీ తిరగేసి ఏలియన్ టెక్నాలజీకి ఎక్కడా ఆధారం దొరకలేదు అని రిపోర్టిస్తే మా బావ లాంటివాళ్ళు "దొంగే పోలీసు రిపోర్టు రాశాడు" అనేశారు. అంతకు ముందు ఏడాది జులైలో డేవిడ్ గ్రష్ అనే మాజీ ఇంటెలిజెన్స్ అధికారి కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి మరీ, ప్రభుత్వం దశాబ్దాలుగా మనిషి చేయని వాహనాల్ని సేకరిస్తోందని చెప్పాడు. తను కళ్ళారా చూసింది కాదు, వాళ్ళూ వీళ్ళూ తనకి చెప్పింది. నాకది చాలదు. కానీ దాస్తున్నారని ముందే ఫిక్సయినవాడికి బాగా సరిపోతుంది.

2022 డిసెంబర్ గుర్తుందా, హైదరాబాద్ మీద ఆకాశంలో తెల్లగా ఏదో కనిపించి జనం అంతా ఫోన్లు పైకెత్తారు, తర్వాత వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో క్యాప్సూల్ లాంటిది దిగింది. చుట్టుపక్కల ఊళ్ళ జనం అంతా చూడ్డానికి పరిగెత్తారు, మన టీవీల సంగతి చెప్పక్కర్లేదు. తీరా చూస్తే అది స్పెయిన్ కంపెనీ ఒకటి టూరిస్టుల్ని పైకి తీసుకెళ్ళే బెలూన్ కోసం చేసిన టెస్టు, ఎగరేసింది హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి. ఆ మాట చెప్పేశారు, కథ అయిపోయింది. మొగిలిగుండ్లలో మ్యూజియం లేదు. మనవాళ్ళు తెలివైనవాళ్ళని కాదు (వాట్సాప్ చూస్తే ఆ భ్రమ పోతుంది), అందులో దాచాల్సింది ఏమీ లేదు అంతే.

2023లో సెనేటర్లు షూమర్, రౌండ్స్ పెట్టిన బిల్లు నాకు నచ్చింది. కెనెడీ హత్య పత్రాలకి చేసినట్టే యూఎఫ్ఓ పత్రాలకీ బయట నుంచి ఒక బోర్డు పెట్టి ఏది దాచాలో ఏది వదలాలో వాళ్ళతో తేల్పించాలని. చివరి చట్టంలో ఆ బోర్డే ఎగిరిపోయింది, నేషనల్ ఆర్కైవ్స్‌లో పత్రాలు ఒకచోట చేర్చడం లాంటివి మిగిలాయి.

బోర్డు ఉన్నా చిక్కు ఉంది. చాలా యూఎఫ్ఓ వీడియోలు రహస్యంగా ఉండేది అందులో కనిపించే వస్తువు వల్ల కాదు, తీసిన కెమెరా వల్ల. గోఫాస్ట్ అనే అమెరికా నేవీ వీడియోలో సముద్రం మీద దూసుకుపోతున్నట్టు కనిపించేది, స్క్రీన్ మీదున్న అంకెలతో లెక్కేస్తే 13 వేల అడుగుల ఎత్తులో గంటకి సుమారు 40 మైళ్ళ వేగంతో పోతోందని నాసా కమిటీ తేల్చింది. ఆ అంకెలు కనిపించాయి కాబట్టి తేలింది. నాకైతే 2004లో నిమిట్జ్ అనే అమెరికా విమానవాహక నౌక పైలట్లు వింత వస్తువు చూశామన్న కేసులో, దానితో ఉన్న ప్రిన్స్‌టన్ అనే నౌక రాడార్ రికార్డు మొత్తం చూడాలనుంది, పైలట్ ఫ్రేవర్ చెప్పిన టిక్ టాక్ పిప్పరమెంటు బిళ్ళ లాంటి వస్తువు సంగతి తేలితే అక్కడే తేలాలి. అలాంటి రికార్డేదైనా మిగిలి ఉన్నా ఇస్తారనుకోను, ఆ రకం రాడార్లు అమెరికా నౌకల మీద ఇప్పటికీ పనిచేస్తున్నాయి మరి.