ఆ చుక్కల డ్రెస్

పైకోటు విప్పగానే గుండె గుబేలుమంది. రెజ్లర్ కోడీ రోడ్స్ కుడి ఛాతీ, జబ్బ అంతా ఊదారంగులో కమిలిపోయి ఉన్నాయి. ఛాతీ కండరం తెగిపోయింది మరి. అయినా 20 నిమిషాలకు పైగా ఆడాడు, గెలిచాడు.

2022 జూన్ నాటి ఆ హెల్ ఇన్ ఎ సెల్ (ఇనుప పంజరంలో ఆడే) మ్యాచ్ ఇవాళ ఫ్రెండ్ పంపితే మళ్లీ చూశాను. అప్పుడు నా కళ్లన్నీ ఆ కమిలిన ఛాతీ మీదే. ఇవాళ మాత్రం ప్రత్యర్థి సెత్ రోలిన్స్ బట్టల దగ్గర ఆగిపోయాను. నలుపు మీద పసుపు చుక్కలు. కోడీ నాన్న, ఆయనా రెజ్లరే, డస్టీ రోడ్స్ ఒకప్పుడు వేసుకున్న చుక్కలే! చనిపోయిన తండ్రిని ఎగతాళి చేయడం కథలో భాగమేనని తెలుసు. అయినా మనసు చివుక్కుమంది.

2016లో ఈ మ్యాచ్‌లు నడిపే కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈని వదిలేశాక చాలాకాలం అతను ఒట్టి 'కోడీ' గానే ఆడాడు. నాన్న సంపాదించిపెట్టిన 'రోడ్స్' కలిసిన 'కోడీ రోడ్స్' అనే పేరు మీద హక్కు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

1977లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డస్టీ, అప్పటి ఛాంపియన్ సూపర్‌స్టార్ బిల్లీ గ్రాహమ్ మీద గెలిచాడు. కానీ కౌంట్ అవుట్ గెలుపు, అంటే రిఫరీ లెక్క పూర్తయ్యేలోపు ప్రత్యర్థి రింగ్‌లోకి రాకపోతే వచ్చే గెలుపు. రూల్ ప్రకారం అలా గెలిస్తే ఛాంపియన్ బెల్ట్ చేతులు మారదు. అంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

2024 ఏప్రిల్‌లో, ఫిలడెల్ఫియాలో, రోమన్ రెయిన్స్‌ని ఓడించి కొడుకు అదే కంపెనీ టైటిల్ ఎత్తాడు. చూడటానికి డస్టీ లేడు, 2015లోనే పోయాడు.

రాత్రికి ఆ మ్యాచ్ కూడా పెట్టుకుంటున్నా.