బ్యాటరీ మార్చే ముందు, పాతది ఎందుకు పోయిందో

ఉదయం

ఈ రోజు పనంతా క్యాంపర్ వ్యాన్‌లో సీటు కింది బ్యాటరీ పెట్టె దగ్గరే. లోపల రెండు 12 వోల్టుల ఏజీఎం బ్యాటరీలు (నీళ్ళు పోయనక్కరలేని, సీలు చేసిన లెడ్ రకం), ఒక్కోటి 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, కెపాసిటీ కొలత), పారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి). వాటిని తీసి లిథియం పెట్టాలి. కానీ స్పానరు కంటే ముందు మీటరు తీయాలి. పాతవి ఎందుకు పోయాయో తేల్చకుండా కొత్తవి బిగిస్తే, ఆ కారణమే వీటినీ తినేస్తుంది. ఇంజన్‌కు కాక ఫ్రిజ్, లైట్లకు కరెంటిచ్చే హౌస్ బ్యాటరీల్లో వయసు మీదపడి పోయేవి తక్కువ, నిండా చార్జింగ్ అందక పోయేవి ఎక్కువ.

చార్జింగ్ ఆపి, లోడ్లన్నీ తీసేసి, కొన్ని గంటలు వదిలేశాక కనిపించే వోల్టేజీనే నమ్మాలి. చార్జర్ తీసిన వెంటనే చూస్తే పనికిరాని బ్యాటరీ కూడా 13 చూపిస్తుంది. ఏజీఎం నిండుగా ఉంటే 12.8 దగ్గర నిలుస్తుంది, నీళ్ళు పోసే రకం 12.6 నుంచి 12.7. 12.2 కి వచ్చిందంటే సగం అయిపోయినట్టే. ఇంకో మాట: పారలల్‌లో ఉన్నంతసేపూ రెండు బ్యాటరీలూ ఒకే అంకె చూపిస్తాయి. కలిపే వైరు విప్పి, విడివిడిగా వదిలేసి కొలిస్తేనే దొంగ దొరుకుతుంది. ఒకటి 12.7 లో ఉండి రెండోది 10.5 దగ్గర కూర్చుంటే అందులో ఒక సెల్ షార్ట్ అయినట్టు. ఒక్కో సెల్ 2.1 వోల్టులు, ఆరిట్లో ఒకటి పోతే మిగిలేది అంతే. ఇలాంటి జంటను అలాగే వదిలేస్తే బాగున్నది రాత్రంతా పాడైనదానిలోకి ఖాళీ అవుతూ ఉంటుంది. చార్జింగ్‌లో పాడైనది వేడెక్కి ఉబ్బుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే చార్జింగ్ అక్కడికక్కడ ఆపేసి, తలుపులు తెరిచి, బ్యాటరీ చల్లారేదాకా దూరంగా ఉండాలి.

రెండూ మామూలు వోల్టేజీ చూపిస్తున్నా ఫ్రిజ్ తెల్లవారకముందే ఆగిపోతోందంటే అసలు కెపాసిటీ తగ్గిందన్నమాట. దీనికి నమ్మకమైన పరీక్ష ఒకటే, కాస్త విసుగు పుట్టించేది. 100 ఏహెచ్ అన్న లెక్క 20 గంటలకు చెప్పింది, అంటే 20 గంటలపాటు 5 ఆంపియర్ల కరెంటు. 12 వోల్టుల 60 వాట్ల బల్బు దాదాపు అంతే లాగుతుంది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీకి ఆ బల్బు తగిలించి, 10.5 వోల్టులకు దిగేదాకా పట్టిన గంటలను 5 తో గుణించాలి. 16 గంటలు వెలిగితే 80 ఏహెచ్. 80 శాతానికి దిగితే మార్చే వయసు వచ్చినట్టని పరిశ్రమ లెక్క. వ్యాన్‌లో 60 దాకా నెట్టుకురావచ్చు, ఆ కిందకు వెళ్తే దిగడం వేగంగా ఉంటుంది. పరీక్ష అవ్వగానే మళ్ళీ చార్జింగ్ పెట్టాలి, లేకపోతే ఆ పరీక్షే చివరి దెబ్బ. ఇంజన్ బ్యాటరీ కోసం చేసిన చేతి టెస్టర్లు స్టార్టింగ్ బలాన్నే చూస్తాయి. పలచటి ప్లేట్లతో క్షణంపాటు ఎక్కువ కరెంటు ఇచ్చే పని వేరు, మందపాటి ప్లేట్లతో రాత్రంతా కొంచెం కొంచెంగా ఇచ్చే పని వేరు.

ఇక కారణం. లెడ్ బ్యాటరీకి మొదటి 80 శాతం తొందరగా ఎక్కుతుంది. ఆ తర్వాత నిండబోయే బిందెకు ధార సన్నం చేసినట్టు కరెంటు తనంతట తానే తగ్గుతూ పోతుంది. చివరి 20 శాతానికి 14.4 నుంచి 14.7 వోల్టుల దగ్గర మూడు నాలుగు గంటలు ఆగాలి. కరెంటు కెపాసిటీలో 2 శాతానికి పడితేనే, అంటే ఈ జంటకు 4 ఆంపియర్లకు దిగితేనే, నిండినట్టు. గంట డ్రైవింగ్‌తో అది జరగదు. నిండాక తక్కువ వోల్టేజీతో నిలిపి ఉంచే ఫ్లోట్ దశ లైటు వెలిగిందని నమ్మడానికీ లేదు, కొన్ని చార్జర్లు గడియారం చూసి ఫ్లోట్‌కి వెళ్ళిపోతాయి. అలా 80 దగ్గర ఆగిన ప్రతిసారీ ప్లేట్ల మీద మిగిలిన లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. గట్టిపడ్డ భాగం ఇక చార్జ్ తీసుకోదు.

మీటరుతో చూడాల్సిన ఇంకో చోటు వైరు. సోలార్ కంట్రోలర్ దగ్గర 14.4 ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు. అదే సమయంలో బ్యాటరీ టెర్మినల్ మీద ఎంతుందో చూడాలి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి మూడు మీటర్ల దూరం, పోను రాను ఆరు మీటర్లు: 50 ఆంపియర్లు పారితే దాదాపు 0.35 వోల్టు దారిలోనే పోతుంది. 25 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 0.22. ఆ 0.35 కారణంగా చార్జర్ ముందే తృప్తిపడుతుంది, బ్యాటరీ ఆకలితో ఉంటుంది. దీనికి తోడు ఇప్పటి స్మార్ట్ ఆల్టర్నేటర్లు (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేవి) ఇంధనం మిగల్చడానికి వోల్టేజీని 12.5 దాకా దించేస్తాయి. వాటి మీద ఆధారపడ్డ హౌస్ బ్యాటరీ ఎంత దూరం తిరిగినా నిండదు.

వేడిది ఇంకో లెక్క. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. చార్జింగ్ వోల్టేజీ కూడా డిగ్రీకి 24 మిల్లీవోల్టుల చొప్పున తగ్గాలి. అంటే 40 డిగ్రీల్లో 14.4 కాదు, 14.04. ఈ పని చేసే సెన్సర్ బ్యాటరీకి అంటుకుని ఉండాలి. కంట్రోలర్ పక్కన గోడకు వేలాడుతుంటే అది గది ఉష్ణోగ్రతే చెబుతుంది.

నీళ్ళు పోసే బ్యాటరీలున్నవాళ్ళకు నెలకోసారి మూతలు తీసి చూడడం తప్పదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు. పోయాల్సింది చార్జింగ్ పూర్తయ్యాకే. ముందే నింపితే చార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంతవరకు ముందు పోసి, మిగతాది తర్వాత. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో నిండు సెల్ 1.265 చూపిస్తుంది, సగంలో 1.19 దగ్గర. ఐదు సెల్స్ ఒకలా ఉండి ఒకటి 0.05 వెనకబడితే దాని పని అయిపోవచ్చినట్టే. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది, కనుక పెట్టెకు బయటికి వెళ్ళే గొట్టం ఉండాలి. ఏజీఎంకి కూడా ఉంటే మంచిది, ఓవర్‌చార్జ్ అయితే అదీ వదులుతుంది.

మధ్యాహ్నం

విప్పడానికి ఒక వరస ఉంది. ముందు ఉంగరం, గడియారం తీసేయాలి. ఇన్వర్టర్, ఫ్రిజ్, లైట్లు ఆపాలి. బయటి కరెంటు ప్లగ్ తీయాలి. తర్వాత సోలార్ ప్యానెల్ వైరు కంట్రోలర్ నుంచి వేరు చేయాలి. ప్యానెల్ ఉండగా బ్యాటరీ తీస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వైరు ఫ్యూజు కూడా తీయాలి, ఎందుకంటే దాని రెండో కొసలో ఇంజన్ బ్యాటరీ ఉంది. అప్పుడు నెగటివ్, చివర పాజిటివ్. పాజిటివ్ ముందు విప్పితే, స్పానరు వ్యాను బాడీకి తగిలిన క్షణంలో పూర్తి షార్ట్. బిగించేటప్పుడు దీనికి తిరగేసి: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఏ వైరు ఎక్కడిదో ఫొటో తీసుకుని, టేపు మీద రాసి అంటించాలి. 100 ఏహెచ్ ఏజీఎం 30 కిలోల దాకా ఉంటుంది. వంగి లేపితే నడుము పట్టేస్తుంది, ఇద్దరుంటే మేలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అదే 100 ఏహెచ్‌కి 12 కిలోల దగ్గరే. బరువు, వాడుకోదగిన ఏహెచ్ గురించి అందరూ చెబుతారు. వ్యాన్ వాడకానికి దాని అసలు సుగుణం వేరు: సగం చార్జ్‌లో వదిలేసినా దానికేమీ కాదు. ఆ చివరి 20 శాతం గొడవ లేకపోవడమే పెద్ద ఊరట. కానీ పెట్టె అదే సైజు కదా అని పాతది తీసి కొత్తది పెట్టేస్తే సరిపోదు.

ఇంజన్ బ్యాటరీనీ హౌస్ బ్యాటరీనీ వోల్టేజీ చూసి కలిపే స్విచ్, అంటే పాత వోల్టేజీ రిలే, ముందు పోవాలి. ఇంజన్ ఆగి వోల్టేజీ 12.8 కి పడినప్పుడు అది విడిపోయేలా చేసింది. లిథియం ఊరికే ఉన్నా 13.3 దగ్గర ఉంటుంది, రిలే కలిసే ఉండిపోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడేమో లిథియం ఇచ్చినంతా తాగేస్తుంది. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కు ఫ్యాను గాలి కూడా తక్కువే కాబట్టి ఆల్టర్నేటర్ మాడిపోతుంది. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (ఆల్టర్నేటర్ నుంచి పరిమితంగా తీసుకుని, సరైన వోల్టేజీకి మార్చి ఇచ్చేది) పెడితే రెండు సమస్యలూ పోతాయి, స్మార్ట్ ఆల్టర్నేటర్ బెడద కూడా.

అన్ని చార్జర్ల సెట్టింగులూ మార్చాలి: 14.2 నుంచి 14.4, ఫ్లోట్ 13.5, ఉష్ణోగ్రత సవరణ ఆఫ్, ఈక్వలైజేషన్ (లెడ్ సెల్స్‌ను సమం చేసే ఎక్కువ వోల్టేజీ చార్జింగ్) ఆఫ్. ఆ చివరిది మర్చిపోతే నెలకోసారి 15 వోల్టుల పైన కొడుతుంది, బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ కనెక్షన్ తెగ్గొడుతుంది. సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేయకూడదు. లోపల లోహపు పూత ఏర్పడి నష్టం శాశ్వతమవుతుంది. ఆ చలిలో చార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో కొనేముందే కాగితం మీద చూసుకోవాలి.

ఇన్వర్టర్ దగ్గరా లెక్క చూడాలి. 1000 వాట్ల లోడుకు బ్యాటరీ నుంచి దాదాపు 90 ఆంపియర్లు పోతాయి. 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న ఒక్క బ్యాటరీకి అది అంచు. ఏజీఎం అయితే వోల్టేజీ దిగి మూలిగేది, లిథియం ఒక్కసారిగా చీకటి చేసేస్తుంది. షార్ట్ అయితే వచ్చే కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది కనుక మామూలు బ్లేడ్ ఫ్యూజు ఆ మంటను ఆపలేదు. 20,000 ఆంపియర్లను తెంచగల క్లాస్-టి ఫ్యూజు పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఉండాలి.

సాయంత్రం

రెండు కొత్త బ్యాటరీలనూ కలపకముందు విడివిడిగా నిండా చార్జ్ చేయాలి. మధ్య తేడా 0.1 వోల్టు లోపు ఉంటేనే కలపాలి. లేకపోతే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదానిలోకి ఒక్కసారిగా పారుతుంది. పాజిటివ్ మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్ రెండోదాని నుంచి తీసుకోవాలి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే అది ఎక్కువ పనిచేసి ముందు అలసిపోతుంది.

వైరు చివరి లోహపు కన్ను, అంటే లగ్, నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి, వాషర్లు దాని పైన. టెర్మినల్‌కీ లగ్‌కీ మధ్య స్టీలు వాషర్ పడితే చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లోడులో మాత్రం చేయి కాలేంత వేడెక్కుతుంది. బిగింపు తయారీదారు చెప్పిన టార్క్‌కే. వాజిలైను రాస్తే బిగించిన తర్వాత పైన మాత్రమే. పెట్టె నేలకు బోల్టులతో, బ్యాటరీలు పెట్టెకు పట్టీలతో ఉండాలి. సడన్ బ్రేకులో అవి కదలకూడదు.

నెగటివ్ దారిలో పెట్టి కరెంటు లెక్కపెట్టే షంట్‌కు బ్యాటరీ వైపు ఒకే ఒక్క వైరు. మిగతా నెగటివ్‌లన్నీ, సోలార్‌దీ చార్జర్‌దీ సహా, అవతలి వైపు. ఒక్కటి ఇటు తగిలితే మీటరు దాన్ని లెక్కపెట్టదు. లిథియంకు వోల్టేజీ చూసి శాతం చెప్పడం కుదరదు, 40 నుంచి 70 దాకా 13.2 దగ్గరే ఉంటుంది. కనుక షంట్ తప్పితే వేరే దారి లేదు. షంట్ మీటరులో కెపాసిటీ 200, ప్యూకెర్ట్ (ఎక్కువ కరెంటు లాగితే కెపాసిటీ ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) 1.05 పెట్టి, నిండా చార్జ్ అయ్యాక 100 శాతానికి సింక్ చేయాలి. పెద్ద ఇన్వర్టర్ వైరు తగిలించేటప్పుడు కెపాసిటర్ల వల్ల మెరుపు వస్తుంది, కొన్నిసార్లు బీఎంఎస్ కూడా ట్రిప్ అవుతుంది. 30 ఓమ్‌ల చిన్న రెసిస్టరుతో కొన్ని సెకన్లు తాకించి, ఆ తర్వాత వైరు పెడితే ఆ గొడవ ఉండదు.

చివరగా ఇన్వర్టర్ మీద పెద్ద లోడు వేసి పావుగంట నడిపించి, ప్రతి లగ్‌నూ ఫ్యూజు పట్టీనీ వేలి వెనకతో తాకి చూడాలి. వేడిగా ఉన్న చోట లోడు ఆపి, విప్పి, తుడిచి మళ్ళీ బిగించాలి. వారం తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూడాలి, కుదుపులకు వదులవుతాయి. పాత ఏజీఎంల టెర్మినల్స్‌కి టేపు చుట్టి, నిలువుగా ఉంచి, సీసం కరిగించి మళ్ళీ వాడే చోటికి పంపాలి.