పెనాంగ్‌లో ఏది ఎన్నింటికి తినాలి?

మలేషియాలోని పెనాంగ్ దీవికి ముఖ్యపట్టణమైన జార్జ్‌టౌన్‌లో ఏమేం చూడాలని అడిగితే, మేం దిగిన గెస్ట్‌హౌస్ పెద్దావిడ చూసేవాటి జోలికే పోలేదు. ఏది ఎప్పుడు తినాలో మాత్రం వరసగా చెప్పింది. పొద్దున్నే రోటీ చనాయ్, ఎండ ముదిరాక చెందోల్, మధ్యాహ్నం లక్సా, దీపాలు పెట్టాక చార్ క్వే తియావ్. మధ్యలో తీరిక దొరికితే గుళ్లూ గోడలూ చూసుకోమంది. ఆ ఊళ్లో ఆవిడ వయసు వాళ్లందరినీ ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి మాకూ ఆంటీయే. నేనూ అక్కా ఆ రోజంతా ఆంటీ మాట మీదే నడిచాం.

రోటీ చనాయ్ కోసం లిటిల్ ఇండియాలో ఓ మూలకొట్టుకి వెళ్లాం. మాస్టరు నూనెలో నానిన పిండిముద్దని అరచేత్తో అదిమి, గాల్లో రెండుసార్లు తిప్పి బల్ల మీద పరిస్తే అవతలి గచ్చు కనిపించేంత పల్చనైంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పెనం మీద వేశాడు. అసలు పని కాలిన తర్వాత ఉంది. వేడివేడి రొట్టెని రెండు చేతుల మధ్య పెట్టి చప్పట్లు కొట్టినట్టు నలిపేస్తాడు. పొరలన్నీ విడిపోయి పొంగుతాయి. పక్కన పప్పు. అక్క శుద్ధ శాకాహారి, అందుకని ఆ పూట ఆమెదే పైచేయి, మూడు తింది. రెండు మగ్గుల మధ్య మూరెడు ఎత్తునుంచి తిరగబోసిన పాల టీ, తెహ్ తారిక్, నురగతో వచ్చింది. తీపి బాగా ఎక్కువ, అయినా వదల్లేదు.

అక్కణ్నుంచి అంతా నడకే. 1818లో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి, అగరొత్తుల పొగలో మునిగిపోయిన చైనీయుల కువాన్ యిన్ గుడి, వెనక వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, ఇంకాస్త ముందుకెళితే భారతీయ ముస్లిం వర్తకులు 1801లో మొదలుపెట్టిన కపితాన్ కెలింగ్ మసీదు. అన్నీ కూతవేటు దూరంలోనే. 1786లో ఇంగ్లిష్ వర్తకుడు ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ పేర ఇక్కడ జెండా పాతి, సుంకాల్లేని రేవు అని ప్రకటించాడు. అడవి నరికి బాగు చేసుకున్న వాళ్లదే ఆ నేల అన్నాడు. దాంతో నాలుగు దిక్కుల నుంచీ జనం వచ్చిపడ్డారు. కూలీలు చురుగ్గా నరకాలని ఫిరంగిలో వెండి నాణేలు పెట్టి అడవిలోకి పేల్చాడని కూడా చెబుతారు. కథే కావచ్చు గానీ, కంపెనీ వాళ్ల బుద్ధికి అతికినట్టుంది. ఆయన మొదలుపెట్టిన ఫోర్ట్ కార్న్‌వాలిస్ మాత్రం నాకు చప్పగా అనిపించింది. ఒక్క యుద్ధమూ చూడని కోట, ఎండలో తిరగడానికి నీడ కూడా తక్కువే.

నీడ కావాలంటే పాత వీధుల్లోకే రావాలి. షాపుల ముందు పైఅంతస్తు కిందుగా వరండా లాంటి దారి ఉంటుంది. అయిదడుగుల దారి అంటారు. ఎండా వానా తగలకుండా వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పోవచ్చని దాన్ని అలా కట్టారు. ఇప్పుడు మాత్రం ప్రతి నాలుగో గుమ్మం దగ్గరా మోటార్‌సైకిలో, పూలకుండీయో అడ్డం. దిగి, ఎక్కి, మళ్లీ దిగి నడవాలి. తల వంచుకుని నడిస్తే మటుకు లాభమే. ఒక్కో ఇంటి ముందు ఒక్కో రకం పూల టైల్స్, కొన్ని వందేళ్ల అరుగుదలతో నున్నగా మెరుస్తున్నాయి.

2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాక ఊరికి టూరిస్టులు పెరిగారు. ఆర్మేనియన్ వీధిలో గోడకి నిజం సైకిలు బిగించి, దాని మీద ఇద్దరు పిల్లల బొమ్మ గీసిన చిత్రం దగ్గర ఫొటో కోసం క్యూ ఉంది. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ 2012లో వేసిన బొమ్మ అది. అక్క క్యూలో నిలబడింది, నాకు అంత ఓపిక లేదు. వంచిన ఇనప చువ్వలతో వీధి వీధికీ ఆ వీధి చరిత్ర మీద ఓ జోకు వేసినట్టు పెట్టిన బొమ్మలే నాకు నచ్చాయి. పేరుమోసిన చెప్పుల డిజైనర్ జిమ్మీ చూ చెప్పులు కుట్టడం నేర్చుకున్న చోట కూడా ఒకటుంది.

చెందోల్ దగ్గర సీట్లు వెతుక్కోవడం దండగ. సందులో నిలబడి తాగేయడమే అక్కడి పద్ధతి. తురిమిన ఐసు మీద కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, రాజ్మా, ఆకుపచ్చటి బియ్యప్పిండి పోగులు. ఆ రంగూ వాసనా పాండన్ ఆకువి. గిన్నె అడుగున పాకం ఉండిపోతుంది, కలపకుండా తాగితే సగం రుచి పోతుంది.

అసామ్ లక్సా గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. కొబ్బరిపాలు పోసే లక్సా వేరే ఊళ్లది. పెనాంగ్‌ది పులుపు. చేపల్ని ఉడికించి ముళ్లు తీసి మెదిపేసిన చిక్కటి పులుసు, తెల్లటి లావుపాటి బియ్యం నూడుల్స్. పైన సన్నగా తరిగిన కీరా, అనాస, ఉల్లి, పుదీనా, కొంచెం గులాబీ రంగు అల్లంపువ్వు మొగ్గ. చెంచాలో నల్లటి రొయ్యల పేస్టు విడిగా ఇచ్చారు. వాసన చూసి అక్క పక్క బల్లకి మారిపోయింది. నేను ఆ పేస్టు సగం కలిపి ఓ గుక్క తాగాను. ముందు పులుపు, వెనకే కారం, ఆ తర్వాత అనాస తీపి, ఆఖర్న పువ్వు వాసన. చెమటలు పట్టాయి. గిన్నె ఎత్తి తాగానని అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

సాయంత్రం చ్యూ జెట్టీకి వెళ్లాం. సముద్రంలో కర్రలు పాతి కట్టిన ఇళ్ల వరస అది. చ్యూ ఇంటిపేరు వాళ్లదే ఆ వాడంతా. లిమ్, టాన్, లీ వాళ్లకీ పక్కనే ఇలాంటివున్నాయి. ముందు గదులు కొన్ని టీషర్టుల కొట్లయ్యాయి. తలుపు తీసున్న ఇంట్లోకి తొంగిచూడొద్దని బోర్డు పెట్టారు పాపం. ఆ బోర్డుకి కూడా ఫొటోలు తీస్తున్నారు.

రాత్రికి లోరోంగ్ బారు అనే వీధి. పొద్దుగూకగానే అక్కడ తిండిబండ్లు దిగి, రోడ్డు మీదే బల్లలు పడతాయి. బల్ల దొరికితే ముందు డ్రింకు వాడు వస్తాడు. ఏదో ఒకటి ఆర్డరివ్వాలి, అదే కుర్చీల అద్దె. జాజికాయ పండు రసం తీసుకున్నాం, వగరూ పులుపూ కలిసి బాగుంది. చార్ క్వే తియావ్ ఆయన ఒక్కసారికి ఒక్క ప్లేటే వేస్తాడు. ఎక్కువ వేస్తే మూకుడు వేడి తగ్గి, నూడుల్స్ మాడు వాసన పట్టకుండా ముద్దవుతాయట. వెడల్పాటి బియ్యం నూడుల్స్, రొయ్యలు, గుడ్డు, మొలకలు, గవ్వమాంసం, గుప్పెడు ఉల్లికాడల్లాంటి ఆకు. మంట మూకుట్లోకి ఎగబాకుతుంటే గరిట ఆడుతూనే ఉంది. నా ముందు ఏడుగురున్నారు. పంది కొవ్వు వేస్తారు, వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి.

అక్క ఏం తిందని అడుగుతారేమో. చాంద్రమాసం మొదటి రోజూ పదిహేనో రోజూ మాంసం మానేసే బౌద్ధులు ఊళ్లో చాలామంది. వాళ్ల కోసం ఏడాది పొడుగునా నడిచే శాకాహార కొట్టొకటి ఆంటీ చెప్పింది. అక్కడ కట్టించుకొచ్చిన నూడుల్స్ పొట్లం నా పక్కనే కూర్చుని విప్పింది. మొలకలు, పుట్టగొడుగులు, సోయా ముక్కలు. నా ప్లేటు వచ్చేసరికి ఆమెది ఖాళీ.

"ఇంకోటి చెప్పుకోరా, నేను కూర్చుంటాలే" అంది. వెళ్లి అడిగాను. మొలకలు అయిపోయాయట, స్టవ్ కట్టేశాడు.