ఇంట్లోనే ఇంజను ఆయిలు మార్చిన ఆదివారం

మా స్విఫ్ట్ పెట్రోలు కారుకు పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందు వస్తే అప్పుడు ఇంజను ఆయిలు మార్చాలని కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంది. వారంటీ ముగిసి చాలా కాలమైంది కనుక ఈసారి ఆ పని ఇంటి దగ్గరే చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. డబ్బు ఆదా ఒక కారణమే గాని అసలు కారణం వేరు. కిందటిసారి ఒక వర్క్‌షాపువారు బిల్లులో మూడున్నర లీటర్లు రాశారు. ఇంజనులో ఎంత పోశారని అడిగితే "ఫుల్లుగా పోశాం సార్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఫిల్టరుతో కలిపి ఈ ఇంజనుకు పట్టేది సుమారు 3.1 లీటర్లే. మిగిలినది డబ్బాలో ఉండాలి, లేదా ఇంజనులో ఎక్కువై ఉండాలి. ఎక్కువ పోయడం మేలనుకునేవారు చాలామంది ఉన్నారు గాని, మట్టం మితిమీరితే ఇంజనులోని ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతూ ఆయిలును చిలికి నురగ చేస్తుంది, ఆ నురగకు బేరింగులను కాపాడే శక్తి ఉండదు.

శనివారం సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి 5డబ్ల్యు-30 ఆయిలు మూడున్నర లీటర్ల డబ్బా ఒకటి, ఫిల్టరు ఒకటి, పాత ఆయిలు దించే డ్రెయిన్ బోల్టుకు వేసే వాషరు ఒకటి, జాకీ స్టాండ్లు రెండు కొన్నాను. డబ్బా మీది అంకెలను చాలాకాలం నేను తప్పుగానే అర్థం చేసుకున్నాను. డబ్ల్యు ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, వెనుక ఉన్న 30 ఇంజను వేడెక్కాక, అంటే వంద డిగ్రీల దగ్గర దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. బెజవాడ ఎండలకు చిక్కటి ఆయిలే మంచిదని దుకాణంలో ఒకాయన గట్టిగా వాదించాడు. కానీ ఇంజను లోపలి వేడి మన ఊరి ఎండను బట్టి ఉండదు కనుక నేను పుస్తకాన్నే నమ్మాను.

ఆదివారం ఉదయం కారును పది నిమిషాలు తిప్పి తెచ్చి, ఆయిలు గోరువెచ్చగా ఉండగానే పని మొదలుపెట్టాను. చల్లారిన ఆయిలు అడుగున మడ్డిని వదిలి నెమ్మదిగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, ముందు భాగాన్ని లేపి స్టాండ్ల మీద నిలిపాను. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే గాని మనిషి కింద దూరడానికి కాదు. ఈ మాట మాత్రం ఎవరైనా తేలిగ్గా తీసుకోకూడదని నా ఉద్దేశం.

పైన ఆయిలు మూత తెరిచి, కింద ఆయిలు నిలిచే చాంబరుకున్న డ్రెయిన్ బోల్టును రింగు పానాతో వదులు చేసి, చివరి మరలు చేత్తో తిప్పాను. బేసిను బోల్టుకు సరిగ్గా కింద పెట్టడం నా మొదటి తెలివితక్కువతనం. నల్లటి ధార ఒక్కసారిగా మూరెడు ముందుకు దూకి నేల మీద పడింది. బేసిను ముందుకు జరిపేసరికి ఉరవడి తగ్గి ధార వెనక్కి వచ్చింది, మళ్లీ వెనక్కి జరపవలసి వచ్చింది. పావుగంటలో చుక్కలకు దిగింది. కొత్త వాషరు వేసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచిని స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి, దానితో, పుస్తకంలో చెప్పిన 35 న్యూటన్ మీటర్లకు బిగించాను. ఈ బోల్టును బలం కొద్దీ బిగిస్తే మరలు చెడిపోయి చాంబరుకే ఖర్చు తగులుతుంది.

ఫిల్టరు మాత్రం చేతికి కదలలేదు. చేయి జారకుండా ఉప్పు కాగితం చుట్టి రెండు చేతులా తిప్పితే కిర్రుమని వదిలింది. అందులోని ఆయిలు మోచేతి దాకా కారడంతో గబగబా దాన్ని బేసినులో పడేసి, కొత్తది బిగించేశాను. అసలు పొరపాటు జరిగింది ఆ గబగబాలోనే.

గరాటుతో మూడు లీటర్ల దాకా పోసి ఇంజను స్టార్టు చేశాను. ఖాళీ ఫిల్టరు నిండాలి కనుక ఆయిలు లైటు కొన్ని క్షణాలు వెలిగి ఆరింది. ఆ వెంటనే పక్కన నిలబడి చూస్తున్న మా అబ్బాయి "నాన్నా, ఆపు! కింద ధార కడుతోంది" అని అరిచాడు. ఆపి దిగి చూసేసరికి కొత్త ఆయిలు, తేనెరంగుది, నేల మీద పరుచుకుంటోంది.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోను చేశాను. అంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే. "ఒరేయ్, పాత ఫిల్టరుతో పాటు రబ్బరు రింగు ఊడొచ్చిందా, చూశావా?" బేసినులోంచి పాత ఫిల్టరు తీసి తుడిచి చూస్తే, రింగు కూర్చునే గాడి ఖాళీగా ఉంది. "అయితే అది ఇంజనుకే అంటుకుని ఉంటుంది, దాని మీద ఇంకోటి ఎక్కించావు" అన్నాడు అన్నయ్య.

కొత్త ఫిల్టరు విప్పి, టార్చి వేసి చూశాను. ఇంజను మీద ఫిల్టరు ఆనే చోట పాత రింగు నల్లగాజులా అతుక్కుని ఉంది. రంగులో రంగు కలిసిపోవడంతో వేలితో తడిమితే గాని తెలియలేదు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే పంపు ఒత్తిడికి పక్కకు జారి ఆయిలుకు దారి ఇస్తాయి. గోటితో దాన్ని లాగేసి, ఆ చోటును గుడ్డతో తుడిచాను. కొత్త రింగు ఎక్కడా నలగలేదని చూసుకుని, దానికి వేలితో కొత్త ఆయిలు పూశాను. పొడిగా బిగించిన రింగు ఏడాదికి అంటుకుపోతుంది, నా పాతది అలాగే అంటుకుపోయి ఉండాలి. రింగు ఆనేదాకా చేత్తో తిప్పి, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, ఆ గీత నుంచి ముప్పావు చుట్టు మాత్రమే బిగించాను.

ఒలికిన దానికి డబ్బాలో మిగిలినది చాలలేదు. పెట్రోలు బంకులో అదే గ్రేడు లీటరు డబ్బా ఒకటి కొని తెచ్చాను. అనుకున్న ఆదా అక్కడితో సరి. కారును నేలకు దించి, ఇంజను కాసేపు నడిపి ఆపి, ఐదు నిమిషాలు ఆగి, ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూస్తూ కొద్దికొద్దిగా పోశాను. మట్టం పై గుర్తుకు వెంట్రుకవాసి కిందకు వచ్చాక మూత పెట్టేశాను.

నేల మీది ఆయిలు మీద రంపపు పొట్టు చల్లి ఎత్తేయడానికి, కారు పనికి పట్టినంత సమయం పట్టింది. పాత ఆయిలు గేటు చెక్కకు చెదలు పట్టకుండా పూసుకుంటానని పక్కింటాయన అడిగారు గాని ఇవ్వలేదు. వాడేసిన ఆయిలును 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి. డబ్బాకెత్తి, పాత ఆయిలును రీసైక్లింగుకు పంపే గ్యారేజీలో ఇచ్చి వచ్చాను.

తరువాత మూడు రోజులు రాత్రిపూట ఇంజను కింద అట్టముక్క పరిచి, ఉదయం బండి తీశాక దాన్ని చూసుకున్నాను. ఒక్క చుక్క కూడా పడలేదు. నాలుగో రోజు ఆ అట్టను పాత పేపర్లవాడికి వేసేశాను.