ఉపవాసంతో హైకింగ్, నాలుగో ట్రిప్: 48 గంటలు అనుకున్నా, 43కి ఆపేశా

ముందు 16 గంటలు, తర్వాత 24, పోయిన నెల 36, మూడూ ఒక్కరోజు నడకలే. ఈసారి మొదటిసారి అడవిలోనే రాత్రి పడుకుని 48 చేద్దామనుకున్నా. శుక్రవారం రాత్రి 7కి ఆఖరి భోజనం, శనివారం పొద్దున 6కి నడక మొదలు.

బ్యాగ్ 9 కిలోలు. తిననప్పుడు తిండి ఎందుకు మోయడం అని అడుగుతారు గానీ నేను ఒకరోజుకి సరిపడా తిండి అడుగున పెట్టుకునే వెళ్తా, అది లేకుండా బయల్దేరడం నా దృష్టిలో ప్రాణంతో చెలగాటమే. ఏ దారిలో వెళ్తున్నానో, ఎప్పటికి ఫోన్ చేస్తానో ఇంట్లో రాసిచ్చా.

నీళ్లలో లీటరుకి పావు టీస్పూన్ ఉప్పు. చెమట పడుతూ ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలవుతాయి, 24 గంటల ట్రిప్‌లో నాకు తలనొప్పి దాకా వచ్చింది కాబట్టి ఇప్పుడు ఉప్పు మర్చిపోను.

మొదటిరోజు 14 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు. 18 గంటల దగ్గర ఆకలి గట్టిగా వేసింది, ఇరవై నిమిషాల్లో పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఆకలిని తట్టుకోవచ్చు. ఎక్కుడులోనే తేడా బాగా తెలిసింది, కండరాల్లో గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) తగ్గేకొద్దీ స్పీడ్‌గా ఎక్కడం కుదరదు, ఒంట్లో కొవ్వు ఎంతున్నా అది అంత త్వరగా శక్తి ఇవ్వలేదు. అందుకే ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినంత స్పీడ్‌లోనే నడిచా.

రాత్రి మాత్రం చలి చంపేసింది. అదే స్లీపింగ్ బ్యాగ్, ఇంతకుముందు ఇదే చలిలో హాయిగా పడుకున్నా, కానీ కడుపులో ఏమీ లేకపోతే ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, నాలుగుసార్లు మెలకువ వచ్చింది.

ఆదివారం పొద్దున కూర్చుంటే పల్స్ 62, లేచి నిలబడగానే 104, కళ్లు చీకట్లు కమ్మాయి. ఉప్పునీళ్లు తాగి అరగంట కూర్చుని మళ్లీ నిలబడి చూస్తే 85కి దిగింది, అప్పుడే కదిలా.

గంటకోసారి నాకు నేను పెట్టుకునే పరీక్ష ఒకటుంది, 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం. రాళ్ల దిగుడులో 93, 86, 79, 72 దాకా వచ్చి ఆగిపోయా, తర్వాత 66 అన్నా. తప్పు అని కూడా వెంటనే తట్టలేదు. ఆ తర్వాత రెండు అడుగులకే కుడికాలు రాయి అంచున పడి జారింది, కర్ర ఆనడంతో నిలబడ్డా. అక్కడే కూర్చుని బ్యాగ్ విప్పా, టైమ్ మధ్యాహ్నం 2.

రెండు ఖర్జూరాలు మెల్లగా నమిలి, పావుగంట ఆగి ఇంకో రెండు, గంట తర్వాతే మిగతాది. చేతుల వణుకు తగ్గాక మళ్లీ ఏడుల లెక్క చివరిదాకా చెప్పుకుని అప్పుడు లేచా.

ఇంటికొచ్చాక చూస్తే 2.1 కిలోలు తగ్గా, దీనికి సంబరపడొద్దు, గ్లైకోజెన్ గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లని పట్టుకునుంటుంది, అది పోతే నీళ్లూ పోతాయి. మూడు రోజుల్లో 1.5 కిలోలు తిరిగొచ్చేసింది. షుగర్ మందులు వాడేవాళ్లు దయచేసి ఇది ట్రై చేయొద్దు, షుగర్ పడిపోతే అడవిలో చూసేవాళ్లుండరు.

వచ్చే ట్రిప్ మళ్లీ 36 గంటలే, తోడు ఒకరిని తీసుకెళ్తా, రాళ్ల దిగుడు మొదటిరోజే అయిపోయేలా రూట్ తిప్పి పెడుతున్నా.