తాండవ వంతెన జాయింట్లు

తునిలో మా షెడ్డు నుంచి విశాఖ వైపు బయల్దేరితే ముందు తగిలేది తాండవ వంతెన. దాని మీద ఎన్ని జాయింట్లున్నాయో మా ఇంట్లో లెక్కపెట్టక్కర్లేదు, నడుమే చెబుతుంది. ఆగిపోయిన బళ్లని ఎత్తి లాక్కొచ్చే మా రికవరీ బండి ఖాళీగా ఆ వంతెన ఎక్కితే ఒక్కో జాయింటుకీ సీటు మీంచి లేచి పడాల్సిందే.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు, తెల్లవారుజామున నాలుగింటికి ఆ జాయింట్ల మీదుగానే విశాఖ గాజువాక ఆటోనగర్‌కి బయల్దేరాం. స్టీరింగ్ మీద మా బావ, పక్కన నేను. బండికి ఎయిర్ సస్పెన్షన్, అంటే ఇనప స్ప్రింగుల బదులు బరువు మోసే గాలి బెలూన్లు, వేయించాలని రెండేళ్లుగా అనుకుంటున్న పని.

బండి గురించి చెప్పాలి. 1967 మోడల్ టాటా మెర్సిడెస్. టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో 1954లో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేశారు. 1969లో ఆ ఒప్పందం ముగిశాక గ్రిల్ మీద బెంజ్ నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. మా బండికి నక్షత్రం ఇంకా ఉంది. తాతయ్య దాన్ని తుని మామిడి లోడ్ల కోసం కొన్నాడు. నాన్న బాడీ తీసేసి, బరువెత్తే బూమ్ కట్టించి, తాడు చుట్టి లాగే వించి పెట్టించి బ్రేక్‌డౌన్ బండి చేశాడు. మధ్యలో ఇంజిన్ మారింది, దానితోపాటు ఎయిర్ కంప్రెసర్ వచ్చింది. చాసిస్, అంటే అడుగు చట్రం, మాత్రం తాతయ్య కొన్నదే. వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు) కూడా అవే, ఒక్కో వైపు 14 పట్టీలు.

ఆ కట్టలు పూర్తి లోడు మోయడానికి పుట్టినవి. మా బండి రోజులో సగం ఖాళీగా తిరుగుతుంది. ఖాళీ బండికి ఆ కట్ట ఇనప దిమ్మెతో సమానం. కిందటి వానాకాలం అన్నవరం దగ్గర ఆగిపోయిన ఒక బస్సుని ఎత్తి లాక్కొస్తుంటే, గుంతల్లో పడ్డ కుదుపులకి దాని ఫైబర్ బంపరు నిలువునా చీలింది. యజమాని నా కిరాయి ఇవ్వకపోగా బంపరు ఖర్చు కూడా నా దగ్గరే పట్టుకున్నాడు. డబ్బు పోతే పోయింది. మనల్ని నమ్మి అప్పగించిన బండికి మన వల్లే దెబ్బ తగలడం మనసులో ఉండిపోయింది. గాలి బెలూన్లు వేయించాలన్న ఆలోచన ఆ రోజే గట్టిపడింది.

నక్కపల్లి దాటాక మంచు మొదలైంది. యలమంచిలి దగ్గర టీకి ఆగాం. అనకాపల్లి చేరేసరికి తెల్లారింది. శారదా నది వంతెన ముందు బెల్లం దిమ్మెలు వేసుకుని మార్కెట్‌కి వెళ్లే బళ్లు వరసగా కనిపించాయి. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి, జనవరి అంటే సరుకు జోరుగా దిగే కాలం. ఆ వంతెన మీద మళ్లీ దడదడ. "బావా, తిరుగు ప్రయాణంలో ఇక్కడ నిద్రపోతా చూడు" అన్నాడు స్టీరింగ్ పట్టుకున్నవాడు. లంకెలపాలెం, కూర్మన్నపాలెం దాటి ఆటోనగర్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర. ఆ దూరానికి నాలుగున్నర గంటలు. ఆ బండిని అంతకంటే వేగంగా తోలకూడదు.

ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు దగ్గర్లోనే ఉండడం వల్ల గాజువాక ఆటోనగర్‌లో పెద్ద బళ్ల పనికి మనుషులు దొరుకుతారు. మేం వెతుక్కుంటూ వెళ్లిన మేస్త్రీ గారు బస్సుల ఎయిర్ సస్పెన్షన్ మీదే బతుకుతున్న మనిషి. అరవై దాటాయి. విజయనగరం వైపు మాట. బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు, చాసిస్ మీద చేత్తో నిమిరారు, అప్పుడు అడిగారు.

"ఏటి బాబూ, నాలుగు చక్రాలకీ గాలెయ్యమంటావా?"

అవునన్నాను. నా ఊహలో ఉన్నది అదే.

"ఒద్దు. ముందర కమాన్లుంచు. నువ్వు ఎత్తేటప్పుడు ముందర బరువు తగ్గిపోద్ది. తగ్గిపోయే చోట గాలెందుకు? స్టీరింగు పాడైపోద్ది. వెనకాల ఎయ్యి, లెక్క చూసి ఎయ్యి."

లెక్క అంటే నిజంగా లెక్కే. పక్క వీధిలో కాటా ఉంది. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి తూకం వేయించాం: 2,600 కిలోలు. వెనక చక్రాలు: 4,500. తర్వాత టేపు పట్టారు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 420 సెంటీమీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కెం దాకా 180. గోడ మీద సుద్దముక్కతో వేసి చూపించారు. కొక్కేనికి 2,500 కిలోలు తగిలిస్తే వెనక ఇరుసు మీద పడేది 2,500 కాదు. తక్కెడ లాగా ముందు భాగం పైకి తేలి, అక్కడి బరువు 1,070 కిలోలు కూడా వెనక్కే వస్తుంది. అంటే వెనక పెరిగేది 3,570. ముందు మిగిలేది 1,530. ముందు బరువులో సగానికి మించి పోకూడదని మా పనిలో ఒక లెక్క ఉంది, ఆ హద్దు లోపలే ఉన్నాం. ఇన్నేళ్లుగా ఎత్తుతున్నాం కానీ ఈ అంకెలు గోడ మీద రాసి చూసుకోవడం అదే మొదటిసారి. స్టీరింగ్ తేలికవుతున్నట్టు చేతికి తెలిసేది, ఎంత తేలికో తెలిసేది కాదు.

బెలూను లెక్క దాని వెంటే వచ్చింది. గాలి బెలూను బరువు మోస్తుందే తప్ప ఇరుసుని పట్టుకోలేదు. కమాన్ కట్ట రెండు పనులూ చేస్తుంది. అది తీసేస్తే ఇరుసు ముందుకీ వెనక్కీ, పక్కకీ పోకుండా ఇంకేదో పట్టుకోవాలి. అందుకని ఒక్కో వైపు ఒక పొడుగాటి ఆర్మ్ వస్తుంది. దాని ముందు కొస చాసిస్ బ్రాకెట్‌లో కీలు లాంటి బుష్‌తో ఆడుతుంది, మధ్యలో ఇరుసుని యూ బోల్టులతో కడతారు, తోక మీద బెలూను కూర్చుంటుంది. పక్కకి జరక్కుండా చాసిస్ నుంచి ఇరుసుకి ఒక అడ్డ రాడ్డు. మా ఆర్మ్‌కి ముందు బుష్ నుంచి ఇరుసు 50 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి బెలూను 35. కాబట్టి ఒక వైపు మొత్తం బరువు బెలూను మీద పడదు, 85లో 50 పాళ్లే పడుతుంది. బెలూను అడ్డం 25 సెంటీమీటర్లు, అంటే సుమారు 490 చదరపు సెంటీమీటర్లు. ఇరుసు, చక్రాల సొంత బరువు ఒక టన్ను తీసేసి లెక్కిస్తే ఖాళీ బండికి చదరపు సెంటీమీటరుకి రెండు కిలోల గాలి చాలు. రెండున్నర టన్నులు ఎత్తినప్పుడు నాలుగు చిల్లర. ట్యాంకులో ఎనిమిది ఉంటుంది.

ఈ ఏర్పాటులో గొప్పతనం అదే. పట్టీల గట్టితనం బరువుతో పెద్దగా మారదు. గాలిది మారుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ గాలి, మెత్తగా ఉంటుంది. బరువెక్కితే లెవలింగ్ వాల్వ్ తనంతట తనే గాలి ఎక్కించి బండిని అదే ఎత్తులో నిలబెడుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లోనే తన బస్సులకి ఈ పద్ధతి తెచ్చింది. మన రోడ్ల మీద ఖరీదైన బస్సుల్లో ఇప్పుడు అందరం దాని సుఖం అనుభవిస్తున్నాం.

కాగితాల మాట కూడా చెప్పేస్తాను. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి ఉండాలి. అది ముందే తీసుకుని వచ్చాను. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు గానీ, అది 50 ఏళ్లు దాటిన సొంత వాడకం టూవీలర్లకి, కార్లకి. కష్టపడి పనిచేసే మా బండికి వర్తించదు.

మూడు రోజులు విప్పడానికే పోయాయి. యాభై ఏళ్లు దాటిన యూ బోల్టులు స్పానరుకి లొంగలేదు, కోయాల్సి వచ్చింది. కట్ట విప్పి పరిస్తే ఏడో పట్టీ, ఎనిమిదో పట్టీ సెంటర్ బోల్టు కన్నం దగ్గర చిట్లి ఉన్నాయి. ఎర్రమన్ను లాంటి తుప్పు మధ్యలో చిట్లిన అంచు మాత్రం తళతళలాడుతోంది, అంటే ఈ మధ్యే చిట్లింది. దాన్ని వేలితో తడిమినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ కట్టతోనే కిందటి వారం సిమెంటు లారీని లాగాం.

మేస్త్రీ గారిలో నాకు బాగా నచ్చింది చాసిస్ మీద ఆయనకున్న గౌరవం. అంచుల మీద కన్నం వేయనివ్వలేదు, వెల్డింగు చుక్క పడనివ్వలేదు. వెల్డింగు వేడికి పాత ఉక్కు అక్కడే బలహీనపడి తర్వాత అక్కడే చీలుతుందని ఆయన మాట. పాత రివెట్లు తీసిన కన్నాలే సాపు చేసి, హైటెన్సైల్ బోల్టులతో బ్రాకెట్లు బిగించారు. కొత్త కన్నాలు నాలుగే, అవీ చాసిస్ పక్క పలక మధ్యలో.

నాలుగో రోజు ఆర్మ్ బుష్‌లు రాలేదు. సాయంత్రం ఖాళీ దొరికితే ఆర్కే బీచ్‌కి పోయాం. మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కురుసుర జలాంతర్గామి ముందు నిలబడ్డాం. అందరూ లోపలికి వెళ్లి టార్పెడోలు చూస్తారు. నాకు మాత్రం ఎప్పుడు చూసినా ఒకటే అనిపిస్తుంది: దీన్ని ఇక్కడికి ఎలా లాగారు? 91 మీటర్ల పొడవు. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002లో ప్రదర్శనశాల అయింది. నీళ్లలోంచి ఇసక మీదికి, ఇసక మీంచి ఈ దిమ్మెల మీదికి. 1916లో అమెరికాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే ఆయన వాగులో పడ్డ ఫోర్డ్ కారుని ఆరుగురు మనుషులు, తాళ్లు, దిమ్మెలతో రోజంతా కష్టపడి పైకి తీశాడు. ఆ బాధలోంచే మొదటి రికవరీ బండి పుట్టింది. ఈ జలాంతర్గామిని లాగినవాళ్ల పేర్లు ఇక్కడి బోర్డు మీద ఉంటే బావుండేదని నిజంగా అనిపించింది.

ఆరో రోజు గాలి ఎక్కింది. బ్రేకుల గాలికి ఏ లోటూ రాకూడదని మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ పెట్టారు. బ్రేక్ ట్యాంకులో సరిపడా ప్రెషర్ నిండాకే బెలూన్లకి దారి తెరుచుకుంటుంది. బెలూను పగిలినా బ్రేకులు ఖాళీ కావు. కుడి ఎడమలకి వేర్వేరు లెవలింగ్ వాల్వులు. రెండింటికీ ఒకటే అయితే మలుపులో ఒక బెలూను గాలి రెండో దాంట్లోకి పోయి బండి ఒరుగుతుంది, బూమ్ మీద బరువుంటే అది ప్రమాదం. క్యాబిన్‌లో ఒక స్విచ్చి. నొక్కితే బెలూన్ల గాలంతా వదిలి వెనక భాగం రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. గోతిలోంచి పక్కగా లాగేటప్పుడు అలా గట్టిగా కూర్చోవాలి.

సబ్బవరం వైపు ఆరు లైన్ల రోడ్డు మీద పరీక్షకి వెళ్లాం. పది కిలోమీటర్లు హాయిగా ఉంది. పదకొండో కిలోమీటరులో రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే ఎడమ బెలూను ఉబ్బినప్పుడు బ్రాకెట్ బోల్టు తోకకి రాసుకుంటోంది. గోటితో గీరినట్టు వేలెడు గీత. నాకు టెన్షన్ పట్టుకుంది. మేస్త్రీ గారు ఒక్క మాట మాట్లాడలేదు. వెనక్కి వచ్చి, బోల్టులన్నీ తిప్పి తలలు లోపలికి, తోకలు బయటికి ఉండేలా బిగించి, గీత పడ్డ బెలూను తీసేసి కొత్తది వేశారు. దాని డబ్బు బిల్లులో రాయలేదు. తీసుకోమంటే, "తప్పు నాది కదా బాబూ" అన్నారు.

రెండో పరీక్షలో ఇంకోటి తెలిసింది, బండి ఊగుతోంది. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుని ఊపుని అవే చంపుకుంటాయి. గాలికి ఆ గుణం లేదు. బస్సు షాక్ అబ్జార్బర్లు రెండు బదులు నాలుగు వేశాక కుదురుకుంది.

తొమ్మిదో రోజు తిరుగు ప్రయాణం. గేర్‌బాక్స్ పోయిన మినీ లారీ ఒకటి యలమంచిలి చేరాలని అదే వీధిలో అడిగారు. గాలి వదిలి వెనక దించాం, గొలుసు వేశాం, ఎత్తి గాలి నింపాం. గేజు ముల్లు నాలుగు దగ్గర ఆగింది. గోడ మీద సుద్దతో రాసిన అంకె అక్కడ కనిపించింది.

శారదా వంతెన వచ్చింది. మామూలుగా అయితే ఒక్కో జాయింటుకీ వెనక గొలుసు వదులై మళ్లీ బిగుస్తూ "టక్" మంటుంది. ఆ "టక్" దగ్గరే బంపర్లు చీలతాయి, గొలుసులు తెగుతాయి. అద్దంలో గొలుసునే చూస్తూ కూర్చున్నాను. జాయింట్లు ఒకటి తర్వాత ఒకటి చక్రాల కింద పోతున్నాయి. గొలుసు బిగువు సడలలేదు, చప్పుడు రాలేదు. నిద్రపోతానన్న బావ స్టీరింగ్ మీద నిటారుగా కూర్చుని చెవి వెనక్కి పెట్టాడు.

మినీ లారీని యలమంచిలిలో దించి, తిన్నగా లోవ తలుపులమ్మ తల్లి దగ్గరికి పోయి పూజ చేయించి, చీకటి పడ్డాక ఇల్లు చేరాం. నాన్న టార్చి పట్టుకుని కింద దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. చిట్లిన పట్టీలు వెనక పెట్టి తెచ్చాను, అవి చూపించాను. ఏడో పట్టీని టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి, షెడ్డు గోడకి ఆనించి పెట్టాడు.

పొద్దున్నే టేపు పెట్టి కొలిచాం. ఎడమ వైపు రాత్రి ఎంతుందో అంతే. కుడి వైపు ఆరు మిల్లీమీటర్లు దిగింది. మేస్త్రీ గారికి ఫోన్ చేస్తే వాల్వ్ దగ్గర ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, చూడమన్నారు. నాన్న సబ్బు నురుగు రాశాడు. ఇత్తడి ఎల్బో మెడ దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, పెరిగి, పగిలింది. స్పానరుతో పావు తిప్పు బిగించాడు. మళ్లీ నురుగు రాసి, బుడగ రాదని తేలేదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.