మందుల జాబితాలో ఎక్కని చూర్ణం

కళ్లు పచ్చబడి వచ్చినవారిని ఏం మందులు వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర చెబుతారు, షుగర్ మాత్ర చెబుతారు. పరగడుపున వేసుకునే చూర్ణం ఊసెత్తరు. వాళ్ల దృష్టిలో అది మందు కాదు మరి. కాలేయానికి మాత్రం మాత్రా ఒకటే, ఆకుపసరూ ఒకటే. రెండింటినీ విరగ్గొట్టి బయటికి పంపాల్సింది అదే. కాబట్టి మూలికల చూర్ణమూ దాన్ని దెబ్బతీయవచ్చు.

కొన్ని మొక్కల్లో విషం సహజంగానే ఉంటుంది. కాంఫ్రీ అనే మొక్కలోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషపదార్థాలు కాలేయంలోని సన్నని రక్తనాళాలను మూసేస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఎక్కువగా చూసేది మాత్రం వేరే రకం: చాలామందికి ఏమీ కాదు, ఏ ఒక్కరికో పడదు. పసుపు సారం, గ్రీన్ టీ సారంతో దెబ్బతిన్నవారిలో హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యురూపం ఎక్కువగా కనిపించింది. అందుకే పక్కింటాయన ఏళ్ల తరబడి వాడుతున్నా, అది మనకు పూచీ కాదు.

కూరలో చిటికెడు పసుపుతో పేచీ లేదు. పేచీ అంతా క్యాప్సూల్‌తోనే. అందులో పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థాన్ని చిక్కబరిచి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. గ్రీన్ టీ కూడా అంతే, కప్పు వేరు, సారం వేరు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం సారం రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరినా, దాటినా కాలేయ ఎంజైములు పెరగవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. తిప్పతీగ తీరు ఇంకోటి. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన జబ్బు తెస్తుంది, లోపల దాగి ఉన్నదాన్ని బయటికీ లాగుతుంది. అశ్వగంధతో కళ్లు పచ్చబడడంతో పాటు రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని దురద వస్తుంది.

కాలేయానికి ఈ దెబ్బ మూలిక మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. ముందు ఆకలి చచ్చిపోతుంది, వికారం, నీరసం. తర్వాత మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. అప్పుడు చూర్ణం ఆపడమే తొలి వైద్యం. 'కామెర్లకు మందు' అని ఇంకో పసరు మింగితే గుర్తుపట్టడం మరింత కష్టం. డబ్బా, పొట్లం, లేబులుతో సహా డాక్టరు ముందు పెట్టాలి.

కాలేయ ఎంజైములైన ఏఎల్‌టీ, ఏఎల్‌పీ, కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయిస్తారు. హెపటైటిస్ ఏ, బి, సి, ఇ లేవని, అల్ట్రాసౌండ్‌లో పైత్యనాళం మూసుకుపోలేదని తేలాకే నెపం మూలిక మీద వేయాలి. ఇ పరీక్ష తరచూ మరిచిపోతారు. ఏఎల్‌టీ మామూలు పైహద్దుకు మూడింతలు, బిలిరుబిన్ రెండింతలు దాటితే, వేరే కారణం లేనప్పుడు, దాదాపు పదిమందిలో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది. ఐఎన్‌ఆర్ 1.5కి చేరి, మాట తడబడినా, మగతగా ఉన్నా అదే రోజు కాలేయ మార్పిడి చేసే ఆసుపత్రికి వెళ్లాలి.

చూర్ణం ఆపాక ఏఎల్‌టీ సాధారణంగా నెలలోపే సగానికి దిగుతుంది, పచ్చదనం తగ్గడానికి ఇంకా సమయం పట్టవచ్చు. తగ్గింది కదా అని అదే మూలిక మళ్లీ ముట్టుకుంటే రెండోసారి వారాలు ఆగదు, రోజుల్లోనే వస్తుంది, మొదటిసారికన్నా ముదురుగా. పేరు మారిన మిశ్రమాల్లోనూ అదే మొక్క ఉండొచ్చు, లేబులు చదవండి.